కాలిన గడీలో కాలని పనితనం

జపాన్ కోట అనగానే అందరూ హిమేజీ తెల్లగోడల ఫొటోలే చూపిస్తారు. అందం కాదనను. కానీ పనివాళ్ల చెయ్యి చూడాలంటే ఫుకుయీ దగ్గరి ఇచిజోదాని లోయకే ఓటేస్తాను. అసాకురా ప్రభువులు ఐదు తరాలపాటు, 1471 నుంచి నూటమూడేళ్లు, ఇక్కడి నుంచే ఎచిజెన్ సీమను ఏలారు. 1573లో ఓడా నొబునాగా సేన నిప్పుపెడితే మూడు పగళ్లు, మూడు రాత్రులు కాలిందంటారు.

ముందు దిగువ వాకిలి చూడాలి. రెండు కొండలూ దగ్గరపడే ఇరుకులో అడ్డంగా మట్టికట్ట పోసి, దానికి బండలు తాపడం చేశారు. కొన్ని బండలు 40 టన్నులు దాటుతాయి. క్రేన్లు లేని రోజుల్లో వాటిని కదిలించి, ఒకదాని పక్కన ఒకటి ఒదిగించినవాళ్లకు దండం పెట్టాలి! దారినీ తిన్నగా పోనివ్వలేదు, మెలిక తిప్పారు. దూసుకొచ్చే శత్రువు అక్కడ ఆగి తిరగాల్సిందే.

ఇక దొరగారి గడీ. వెనక కొండ అండ; తక్కిన మూడు దిక్కులా కట్ట, కందకం. లోపలి నేల సుమారు 6,500 చదరపు మీటర్లు. స్తంభాలను భూమిలో పాతకుండా చదునైన రాళ్లమీద నిలిపారు. అందుకే కలప బూడిదైనా ఇళ్ల కొలతలు రాళ్లలో మిగిలాయి. రాజధాని తరలిపోయి లోయ పొలాలైంది. ఆ మట్టే వాటిని దాచింది. 1967లో మొదలైన తవ్వకాలు ఏ గది ఎక్కడుందో, ఏ బావి ఎవరిదో బయటపెట్టాయి.

తోటల దగ్గర నా నోరు ఆగదు. చివరి ప్రభువు యోషికాగే తన సహచరి కోషోషో కోసం కట్టించిన సువా భవనపు తోటలో జలపాతపు రాయి నాలుగు మీటర్లకు పైనే నిలబడి ఉంది. చుట్టూ రాళ్లను అది పెత్తనం చేసేలా కాకుండా పెద్దరికం నెరిపేలా అమర్చారు. నొబునాగా అభిమానులు ఏమనుకున్నా సరే, గెలిచిన ఆయన కట్టిన అజూచీ కోట 1582లో కాలిపోయింది; దాని బురుజు రూపమేమిటో పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. ఓడిన అసాకురాల ఇళ్ల లెక్క మాత్రం గది గదికీ దొరుకుతోంది.

పునర్నిర్మాణమంటే నాకు పడదనుకోకండి. 1995లో తెరిచిన రెండొందల మీటర్ల వీధిని తవ్వకాల్లో తేలిన పునాదులను బట్టే లేపారు. 2022లో వచ్చిన మ్యూజియంలో గడీ భాగాన్ని నిలువెత్తున కట్టారు, అసలు దిబ్బను ముట్టుకోకుండా. మర్యాదంటే అదీ!

అటామీలో చూడండి: కోటే లేనిచోట 1959లో పర్యాటకుల కోసం కోట వేషం కట్టారు. కాంక్రీటు పోసి, పైన పెంకు తొడిగితే కోటైపోతుందా? ఆ బొమ్మల ముందు సెల్ఫీలకు జనం బారులు తీరుతుంటే కడుపు మండుతుంది. జపాన్ వెళ్లే తెలుగువాళ్లకు నా మనవి ఒక్కటే: టోక్యో, క్యోటోల్లోంచి ఒక్క రోజు మిగిల్చి ఇచిజోదానికి ఇవ్వండి. శిథిలాన్ని చూడటానికీ జనం వస్తారని తెలిస్తేనే, దానిమీద సిమెంటు పోయాలనే చేతులు ఆగుతాయి.