చెవిటివాని ముందు శంఖము

"చెవిటివాని ముందు శంఖమూదినట్లు" అను సామెత మన భాషలో మిక్కిలి వాడుకలో నున్నది. తెనాలి బజారునందును, బాపట్ల బడులయందును, రేపల్లె రైలులోను దీనిని వినని దినముండదు. కావ్యములవలెనే సామెతలును విమర్శకు లోబడవలసినవే. ఏలయన, కావ్యమును కొందరే చదువుదురు. సామెత యింటింటను తీర్పు చెప్పును.

ఈ సామెతలో రెండు భావములు గర్భితములై యున్నవి. చెవిటివాని చెవి నిశ్శబ్దమనునది యొకటి. ఎంత గట్టిగా నూదినను వానికి బాధ లేదనునది రెండవది. రెండును సత్యదూరములు.

మొదటి భావమును మన ప్రాచీన వైద్యులే ఖండించిరి. సుశ్రుతసంహిత యుత్తరతంత్రమున 28 కర్ణరోగములు చెప్పబడినవి. అందు చెవుడు వేరు; బయట ధ్వని లేకయే పలువిధముల శబ్దములు వినబడు కర్ణనాదము వేరు; వేణుధ్వనివంటి మ్రోత గల కర్ణక్ష్వేడము వేరు. కర్ణనాదమున భేరీమృదంగశంఖధ్వనులు వినబడునని మాధవనిదానము చెప్పుచున్నది. సామెత శంఖమును చెవిటివాని ముందుంచగా, శాస్త్రము దానిని వాని చెవిలోపలనే యుంచినది! ఒకటి రోగిని ప్రశ్నించి తెలిసికొన్నవాని మాట. రెండవది దూరమున నిలిచి నవ్వినవాని మాట.

ఈ మ్రోతతో మాకును కొన్నియేండ్ల పరిచయము కలదు. సూర్యలంక తీరము విడిచి బాపట్ల చేరువారికి కడలిహోరు వెనుకబడును. ఈ హోరు ఏ యూరికి బోయినను వెంటవచ్చును. నిశ్శబ్దమైన రాత్రియందే యది హెచ్చుగా దోచును. ఒకప్పుడు గదియంతయు గిఱ్ఱున తిరిగి, వాంతియగును. గంటలకొలది మంచము విడువరాదు.

తలతిరుగుడు, హోరు, చెవుడు కూడివచ్చు నీ వ్యాధికి మూలము మెదడు కాదు, లోపలిచెవి యని 1861లో ప్యారిసు వైద్యుడు ప్రాస్పర్ మెనియర్ చూపెను. అంతకు పూర్వము మెదడున రక్తము పొంగినదని తలచి రోగికి రక్తము తీయుచుండిరి. 1938లో లండనున హాల్పైకు, కెయిరన్సులును, జపానున యమకావయు నట్టి రోగుల చెవియెముకలను మరణానంతరము పరీక్షించి, లోపలి గొట్టములలో ద్రవము హెచ్చి పొర లుబ్బియుండుటను గనిరి. మెనియరుకు పూర్వుడైన రచయిత జోనాథన్ స్విఫ్టు ఈ బాధనే పడి, యౌవనమున నొక్కమారు నూఱు ఆపిలుపండ్లు తినుటచే తల తిరుగుట ప్రాప్తించెనని వ్రాసికొన్నాడు. కారణ మెఱుగని రోగి తన్నుతాను నిందించుకొనును. కారణ మెఱుగని యిల్లు గాలి సోకినదనియో, త్రాగివచ్చెననియో రోగిని నిందించును.

ఈ వ్యాధియందు వినికిడి నిలుకడగా నుండదు. నిన్న వినబడిన మాట నేడు వినబడదు. అందుచేతనే "కావలసిన మాటలు మాత్రమే వినబడును" అను దెప్పుమాట పుట్టినది. అత్తగారైనను, కోడలైనను ఈ మాటకు జడిసి నలుగురిలో కూర్చుండుట మానుకొనుట మన యిండ్లలో వింత కాదు. బడిలో నట్టి బాలుడు మందమతి యనిపించుకొని కడపటి బల్లకు చేరును.

ఇక రెండవ భావము. రోగము సోకిన చెవికి మెల్లనిమాట యందదు, గట్టికేక సహింపరానిదగును. ఈ రెంటి నడుమ నున్న త్రోవ మిక్కిలి యిరుకు. కావున చెవికడ నోరుంచి యరచుట యుపకారము కాదు. ఎదుట కూర్చుండి, ముఖము కనబడునట్లు, బాగుగా వినబడు చెవివైపున, నిదానముగా పలుకుట యుపకారము. వైద్యులు ఉప్పు తగ్గింపుమని సాధారణముగా చెప్పుదురు గనుక, విస్తరిలో ఊరగాయను బలవంతముగా వడ్డింపకుండుటయు నుపకారమే.

సామెతలను నిఘంటువుల నుండి తొలగింపుమని మేము కోరుట లేదు. పిల్లలకు దీనిని నేర్పునపుడు కర్ణనాదమను మాటను గూడ ప్రక్కన నేర్పుడని ఉపాధ్యాయులను, ఇంటిలోని పెద్ద చెవిని గూర్చి దీనిని ప్రయోగింపకుడని గృహస్థులను కోరుచున్నాము.