రాయిని చూసే తీరు: కూర్బే ‘లూ నది జన్మస్థానం’

తెలుగు విమర్శలో వాస్తవికత అనగానే పేదరికం, శ్రమ, అన్యాయం వంటి ఇతివృత్తాలే ముందు స్ఫురిస్తాయి. ప్రకృతి దృశ్యాన్ని ప్రబంధ వర్ణనకో, భావకవిత్వానికో విడిచిపెట్టడం పరిపాటి. చిత్రకళలో వాస్తవికతావాదానికి ప్రధాన ప్రతినిధి అయిన ఫ్రెంచి చిత్రకారుడు గుస్తావ్ కూర్బే (1819–1877) గురించి రాసేవారు కూడా ‘రాళ్లు కొట్టేవారు’ (1849) దగ్గర ఆగిపోతారు. అతని 1864 నాటి తైలవర్ణచిత్రం ‘లూ నది జన్మస్థానం’ ఈ అలవాటును ప్రశ్నిస్తుంది.

కూర్బే స్వస్థలం తూర్పు ఫ్రాన్సులోని ఓర్నాన్. ఆ ఊరి మీదుగా పారే లూ నది సున్నపురాతి కొండ అడుగున ఒక గుహ నుండి వెలువడుతుంది. ఆ గుహను అతడు పలుమార్లు చిత్రించాడు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని ప్రతిలో ఆకాశం లేదు, దూరపు కొండలు లేవు, దృశ్యాన్ని ఇరువైపులా పట్టి నిలిపే చెట్లు లేవు. ఉన్నవి రాయి, చీకటి, నీరు మాత్రమే. ముదురు రంగు పూతపై పాలెట్ కత్తితో చిక్కటి రంగును పరిచి, గీకి, అతడు రాతి గరుకుదనాన్ని సాధించాడు. రంగు ఇక్కడ రాయిని పోలి ఉండటంతో తృప్తిపడదు, రాయిలాగే పేరుకుంటుంది. వాస్తవికత ఇతివృత్తం నుండి పదార్థంలోకి దిగిన చోటు ఇదే.

ఫ్రెంచి అకాడమీ దృష్టిలో పురాణ, చారిత్రక పాత్రలు ఉంటేనే ప్రకృతి చిత్రానికి గౌరవం. చారిత్రక ప్రకృతి చిత్రానికి 1817 నుండి ఇస్తూ వచ్చిన రోమ్ బహుమతిని 1863లో రద్దు చేశారు. ఆ మరుసటి ఏడే కూర్బే ఏ కథా లేని గుహను పెద్ద కాన్వాసుపై నిలిపాడు.

బొంబాయి జె.జె. కళాశాలలో చదివిన దామెర్ల రామారావు (1897–1925) గోదావరి దృశ్యాలలో కనిపించే లాలిత్యం ఇందుకు భిన్నమైన మార్గం. కూర్బే రాతిని చదవడానికి గోదావరి తీరం కన్నా మార్కాపురం ప్రాంతం దగ్గరి దారి. నల్లమల అంచున దొరికే పలకరాయి పొరలు పొరలుగా చీలుతుంది. ఆ చీలికే బడిపిల్లల పలకగా, కార్మికుని కూలిగా మారింది. భూవిజ్ఞానులు ఆ శిలాశ్రేణికి కంభం పేరే పెట్టారు. అక్కడివారికి కొండ ఎన్నడూ కేవల నేపథ్యం కాదు.

అయితే ఆ దారి నుండే కూర్బే చిత్రంలోని లోటు కూడా కనిపిస్తుంది. 1849లో రాయీ, దానిని కొట్టే మనిషీ ఒకే కాన్వాసులో ఉన్నారు. పదిహేనేళ్ల తరువాత రాయి మిగిలింది, మనిషి తప్పుకున్నాడు. 1860లలో అతని ప్రకృతి చిత్రాలకు కొనుగోలుదారులు పెరిగారన్నది ఇక్కడ విస్మరించరాని విషయం. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలోని ప్రతిలో గుహ ముందు ఒక చిన్న మానవాకృతి ఉన్నా, అది చేసే పని గుహ ఎంత పెద్దదో చూపడమే. ‘రాళ్లు కొట్టేవారు’ 1945లో డ్రెస్డెన్ వద్ద యుద్ధంలో నశించి, నేడు ఛాయాచిత్రాలలోనే దొరుకుతుంది. గుహ చిత్రాలు మాత్రం మ్యూజియంలలో భద్రంగా ఉన్నాయి.