సీడీ డ్రైవ్ పోయిందని తేల్చే ముందు

కార్తీక అమావాస్య వస్తే కారంపూడిలో అయిదు రోజులు పల్నాటి వీరుల ఉత్సవాలు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఎవరికి వాళ్లు వీడియో తీసుకుంటున్నారు. 15-20 ఏళ్ల కిందట తీసినవైతే పెళ్లి వీడియోల్లాగే సీడీల్లోకి, డీవీడీల్లోకి ఎక్కాయి. వీరవిద్యావంతులు ఆ వీరుల కథ పాడిన రాత్రి ఒక డిస్కులో ఉంటే, పాడిన పెద్దాయన పోయాక ఆ గొంతు మళ్లీ దొరకదు. అందుకే మూలన పడ్డ డెస్క్‌టాప్‌లో డ్రైవ్ మొరాయించగానే పారేయడం తొందరపాటు.

ముందు చూడాల్సింది లైటు. మీట నొక్కితే లైటూ వెలగక, ట్రే కూడా కదలకపోతే కరెంటు అందడం లేదన్నమాట. ప్లగ్గు పీకేసి, సీపీయూ మూత తీసి, డ్రైవ్ వెనక వైర్లు ఊడదీసి గట్టిగా పెట్టాలి. బాగా పాత మిషన్లలో వెడల్పాటి 40 పిన్నుల కేబుల్ ఉంటుంది. దానికే హార్డ్ డిస్కూ తగిలించి ఉంటే ఒకటి మాస్టర్, ఇంకొకటి స్లేవ్ కావాలి. జంపర్లు రెండూ ఒకేచోట ఉంటే డ్రైవ్ కనిపించకుండా పోవచ్చు. బయోస్‌లో పేరు కనిపించి విండోస్‌లో కనిపించకపోతే తప్పు చాలావరకు సాఫ్ట్‌వేర్‌దే. డివైజ్ మేనేజర్‌లో తీసేసి రీస్టార్ట్ చేస్తే తరచూ అదే సర్దుకుంటుంది.

లోపల మోటారు చప్పుడు వినిపిస్తూ ట్రే బయటికి రాకపోతే అనుమానం రబ్బరు బెల్టు మీదికి పోవాలి. ఏళ్లు గడిచాక అది సాగిపోయి కప్పీ మీద జారుతుంది. డ్రైవ్ ముందువైపు సన్నటి రంధ్రం ఉంటుంది. కంప్యూటర్ ఆపేసి, పేపర్ క్లిప్పు సాగదీసి అందులోకి నేరుగా నెడితే ట్రే కాస్త ముందుకొస్తుంది, మిగతాది చేత్తో లాగొచ్చు. లోపలి డిస్కు క్షేమం. బెల్టు మారిస్తే డ్రైవ్ కూడా బతుకుతుంది.

ట్రే బాగుండి డిస్కు చదవకపోతే రెండు రకాల డిస్కులూ వేసి చూడాలి. సీడీని చదివేది 780 నానోమీటర్ల లేజర్, డీవీడీని చదివేది 650ది. ఒక రకం ఆడి రెండోది అసలు ఆడకపోతే ఆ లేజరే బలహీనపడి ఉండొచ్చు, తుడిచినా ఫలితం తక్కువ. రెండూ తడబడితే దుమ్ము. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, రాతి క్వారీలు, మిరప కల్లాలున్న సీమలో దుమ్ముకు కొదవేముంది! ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూది పుల్లతో లెన్స్‌ను మెల్లగా తాకాలి. అది సన్నటి తీగల మీద వేలాడుతుంటుంది, అదిమితే అంతే సంగతులు. డ్రైవ్ మూత తీసి ఉండగా కరెంటు పెట్టకూడదు: సీడీ లేజర్ కంటికి దాదాపు కనిపించదు, కన్ను మాత్రం పాడవుతుంది.

డిస్కును మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవాలి, గుండ్రంగా కాదు. సీడీలో సమాచారం ఉండేది లేబుల్ పొర కిందే, అందుకని పేరు రాసిన వైపు పడ్డ గీతే ఎక్కువ ప్రమాదం. ఒక డ్రైవ్ చదవనిది ఇంకొకటి చదవడం మామూలే కాబట్టి, ఇది నిజంగా పోయినా యూఎస్‌బీ డ్రైవ్ అరువు తెచ్చి చూడొచ్చు.

డ్రైవ్ పనిచేసిన రోజే డిస్కులన్నీ కాపీ చేసుకోండి. 4.7 జీబీ డీవీడీలు 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో పదమూడు పడతాయి. ఒక కాపీ ఇంట్లో, ఇంకొకటి చుట్టాలింట్లో ఉంచండి.