దాటవేసిన పుటలు

పెదపారుపూడిలో 'హిమబిందు'ను మొదటిసారి చదివినప్పుడు ఉష్ణీషం, చైత్యం, తోరణం వంటి మాటలు తగిలిన చోటల్లా పుటలు దాటవేశాను. కథ అర్థమైందనే అనుకున్నాను. అది పొరపాటు. అడివి బాపిరాజుగారు స్వయంగా చిత్రకారులు. 1930లలో బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు ప్రిన్సిపాలు. ఆయన సృష్టించిన సువర్ణశ్రీ శిల్పి. శిల్పాన్ని వదిలి అతని ప్రేమను మాత్రమే చదివితే మనకు దక్కేది సగం మనిషే.

నిఘంటువు అర్థం చెబుతుంది గాని ఆకారం చూపదు. ఆకారం మనకు దగ్గరలోనే, దివిసీమ ఘంటసాలలో ఉంది: ఇటుకలతో బండిచక్రంలా కట్టిన స్తూపం, మ్యూజియంలో చెక్కడపు రాతిపలకలు. వాటినీ, అమరావతి శిల్పాలనూ చూశాక నవలలోని తలపాగాలు, హారాలు గాలిలో పుట్టినవి కావని తెలిసింది. అయితే వర్ణన ముదిరి కథ నిలిచిపోయే చోట్లు లేకపోలేదు. ఆ లోపం రచయితదే. కాని ఏది ఆయన లోపమో, ఏది నా అజ్ఞానమో మొదటిసారి నాకు తెలియలేదు.

బౌద్ధుల విషయం మనకెందుకని కొందరు సోదరులు అంటారు. అల్ బీరూనీ అలా అనుకోలేదు. సంస్కృతం నేర్చి, పండితులను అడిగి, ఆ తరువాతే సుమారు 1030లో హిందూదేశాన్ని గురించి గ్రంథం రాశారు. మన ముందున్నది ఒక నవల మాత్రమే. నేను దాటవేసిన పుటలను ఇప్పుడు మొదటినుంచీ చదువుతున్నాను.