తుంటి నొప్పి

ఈ వారం మా మేనల్లుడు చొప్పదండికి కుంటుకుంటనే వచ్చిండు. కాలి బొక్కలో గడ్డ తీసి, ఆ గుంత నింపడానికి తుంటి బొక్క గీకి పెట్టారు. కాలు మానింది. ‘‘తుంటే గుంజుతాంది మామా’’ అంటాడు. బాగున్న చోట కొత్త గాయం చేయాల్సి రావడం చూస్తే నాకు కోపమొస్తుంది. తప్పు డాక్టర్లది కాదు. సొంత బొక్కలో ప్రాణమున్న కణాలుంటాయి, దానికి సాటి ఇంకా దొరకలేదు.

మా చిన్నప్పుడు చెయ్యి విరిగితే కట్టు కట్టేటాయన దగ్గరికే. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, మీద గుడ్డ చుట్టి వెదురు బద్దలు. సొన ఆరితే కట్టు బిగిసేది. రాత్రంతా దురద, అవ్వ పక్కన కూర్చుని విసిరేది. పెంకులు మాత్రం పెంటమీదికి.

ఆ పెంకులో తొంభై శాతం పైగా కాల్షియం కార్బొనేటే. దాంతో బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ చేశామని ఐఐటీ హైదరాబాద్, జలంధర్ ఎన్ఐటీ పరిశోధకులు 2020లో చెప్పారు. ఒంట్లో మెల్లగా కరిగి, సొంత బొక్కకు చోటిచ్చే పదార్థమిది. ఊరు పారేసేదానికి విలువ కట్టాలన్నది ఈ కాలమ్‌లో నా పాత పాటే. పెంకు పొడిని వెంటనే ఆస్పత్రులకు చేర్చాలని రాయడానికే కూర్చున్నాను.

కానీ ఇక్కడ అసలు పని కరగడంలో ఉంది. 1892లోనే జర్మన్ వైద్యుడు డ్రీస్‌మన్ బొక్కల గుంతల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నింపాడు. అది వారాల్లోనే కరిగిపోతుంది, కొత్త బొక్క అంత తొందరగా రాదు. హైడ్రాక్సీఅపటైట్ అనే ఇంకో పూరక పదార్థం ఏళ్లు గడిచినా కదలదు. బీటా రకం ఈ రెంటికీ నడుమ. దాన్ని తినే కణాల వెనుకే కట్టే కణాలు రావాలి. లోపల రంధ్రాలు సన్నమైతే రక్తనాళాలు చొరబడవు, పెద్దవైతే ముక్క పొడిపొడి అవుతుంది. కాల్చేటప్పుడు వేడి సుమారు 1125 డిగ్రీలు దాటితే అది ఇంకో రూపానికి మారి, తొందరగా కరుగుతుంది. పెంకులో సహజంగా ఉండే మెగ్నీషియం కొంచెం ఎక్కువైతే కరగడం నెమ్మదిస్తుంది.

అంటే పెంటమీది పెంకు ఉచితమే గానీ పొడి చవక కాదు. ఒక్కో వాయిని విడిగా పరీక్షించాలి, ముందు జంతువుల్లో, ఆ తర్వాత మనుషుల్లో, నెలల తరబడి ఎక్స్‌రేలు తీస్తూ. తుంటి పట్టుకుని మూలిగే పిల్లాడు ఎదురుగా ఉన్నా, ఆ నెలల్లో ఒక్కటి కూడా తగ్గించమని నేను అడగను.