నీడ పుట్టించే కోడిపెట్ట

కోడిపెట్టా, నీకు దణ్ణం. నెలల తరబడి నీటిచుక్క లేకున్నా చెక్కుచెదరని ముళ్లచెట్లు ఏలే సొనోరన్ ఎడారిలో, ఒళ్లంతా ఈకలు కప్పుకుని, చెమట పట్టే వరం కూడా లేకుండా, తెల్లారేసరికి గూటి తలుపు దగ్గర నిలబడి బయటికి వదలమని గోల చేస్తావే, ఆ ధైర్యానికి దణ్ణం.

నువ్వు ఎడారి పిట్టవి కావు. నీ పుట్టిల్లు అడవి. ఆగ్నేయాసియా వెదురుపొదల్లో ఆకుల చాటున తిరిగే ఎర్ర అడవికోడి నీకు మూలపుటమ్మ. సుమారు 3,500 ఏళ్ల కిందటే ఇప్పటి థాయిలాండ్ నడిగడ్డ మీద మనుషుల మధ్య బతికావని అక్కడ దొరికిన నీ ఎముకలు సాక్ష్యం చెబుతున్నాయి. రాలిన గింజ కోసం అడవి అంచు దాటి వచ్చి, గింజతో పాటు మనిషినీ నమ్మావు. ఆ నమ్మకంతోనే ఓడలెక్కావు, ఖండాలు దాటావు, స్పెయిన్ వాళ్ల వెంట అమెరికా నైరుతి నేలకు చేరావు. ఇవాళ అరిజోనాలో, ఫీనిక్స్ పక్కనే మన తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన చాండ్లర్‌లోనూ పెరటి గోడల మధ్య కాళ్లతో మట్టి కెలుకుతున్నావు.

ఎలాంటి మట్టి అది! ఏడాదంతా కలిపి 20 సెంటీమీటర్ల వాన కూడా పడని చోటు. కరువుసీమ అని మనం కన్నీళ్లతో చెప్పుకునే అనంతపురంలో అంతకు రెండింతలకు పైగా కురుస్తుంది. 2023 వేసవిలో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు ఎండ 43 డిగ్రీలు దాటింది. నీ ఒంటి వేడేమో దాదాపు 41 డిగ్రీలు. చుట్టూ ఉన్న గాలే నీకంటే వేడెక్కిపోతే నువ్వు ఎటు పోతావు తల్లీ?

అలాంటి మధ్యాహ్నం నిన్ను దగ్గర కూర్చుని చూడాలి. ముక్కు తెరుచుకుని ఉంటుంది. రెక్కలు ఒంటికి తగలకుండా ఎడంగా దించుకుంటావు. గొంతు కింది పలచని చర్మం కంటికి అందనంత వేగంగా అదురుతుంటుంది. నెత్తిన ఎర్రటి తురాయి, గడ్డం కింద వేలాడే తమ్మెలు రక్తాన్ని గాలికి చూపించి చల్లబరిచే సాధనాలే. కానీ గాలి నీకంటే చల్లగా ఉన్నంతసేపే వాటి పని సాగుతుంది. అది దాటాక నీకు మిగిలే ఆధారం నీ గొంతులోని తడి. ఆవిరవుతూ అదే నీ వేడిని మోసుకుపోతుంది. అలా రొప్పీ రొప్పీ ఒంట్లోని బొగ్గుపులుసు వాయువును పోగొట్టుకుంటావు. దాంతో రక్తం తీరు మారి, గుడ్డు పెంకుకు అందాల్సిన సున్నం తగ్గుతుంది. అందుకే నడివేసవి గుడ్డు పెంకు పలచన. దాన్ని అరచేతిలోకి తీసుకున్నప్పుడు వేళ్లు వాటంతటవే మెత్తబడతాయి. అంత ఎండలోనూ నువ్వు ఇచ్చిందది.

గుడ్డు లోపల ముప్పావు వంతు నీరే. ఎడారిలో గుడ్డు పెట్టడమంటే, నీకే కరువైన నీటిని మూటగట్టి ఇంకొకరి చేతిలో పెట్టడం. అందుకే ఇక్కడ నిన్ను పెంచడమంటే అన్నిటికంటే ముందు నీళ్లు చూసుకోవడం. ఎండలో పడున్న పైపు విప్పగానే వచ్చేవి సలసల కాగిన నీళ్లు. వాటిని బకెట్లో పట్టి, చల్లారాక చెట్టుకు పోయాలి. చల్లటి ధార వచ్చాకే నీ గిన్నె నింపాలి. గిన్నె ఒక్కటే ఉంటే గట్టి పెట్ట దాని పక్కన కాపలా కాసి, బెదురు పెట్టను దగ్గరికి రానివ్వదు. అందుకని నీడలో రెండు మూడు చోట్ల పెట్టాలి. ఇంకో వెడల్పాటి పళ్లెంలో వేలెడు లోతు నీళ్లు పోసి ఐసు ముక్కలు వేస్తే, మొదట అనుమానంగా చుట్టూ తిరిగి, తర్వాత ఒక కాలు, ఆపైన రెండో కాలు దించి అలాగే నిలబడిపోతావు. ఈకల్లేని ఆ పాదాల గుండా నీ వేడి నీళ్లలోకి దిగిపోతుంది. రొప్పు నెమ్మదిస్తుంది. చూస్తున్న మా ఊపిరి కూడా దారిలో పడుతుంది.

నీళ్ల తర్వాత నీడ. ఈ నేల దాచిపెట్టిన నీడ పేరు మెస్కీట్. మన జమ్మిచెట్టుకు చుట్టమే. మన బీళ్లలో కంపగా అల్లుకున్న సర్కారు తుమ్మకు తోబుట్టువు, అదీ అమెరికా నుంచి వచ్చినదే. మెస్కీట్ ఆకు సన్నం, నీడ జల్లెడ నీడ, గాలి ఆడుతూనే ఉంటుంది. చలికాలంలో ఆకు రాల్చి ఎండను కిందికి వదులుతుంది, వేసవికి మళ్లీ కమ్ముకుంటుంది. నీ గూడు దాని కిందే ఉండాలి. పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఉదయం ఎండా సాయంత్రం ఎండా ఇరుకువైపే తగులుతాయి. ఆంధ్రలో, తెలంగాణలో కోళ్లఫారాల షెడ్లు అలా కట్టేదీ ఇందుకే. గోడలకు బదులు సన్నకన్ను ఇనుప వల ఉండాలి. గాలి రావాలి, నక్కలాంటి కయోటీ రాకూడదు. పైన కూడా వల కప్పాలి, హ్యారిస్ డేగలు ఇక్కడ జట్టుకట్టి వేటాడతాయి.

నీ వల్ల ఇంటి గడియారం మారిపోతుంది. దాణా తిన్నాక అది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది కనక, వేసవిలో నీకు తిండి తెల్లవారుజామునా, పొద్దువాలాకా పెట్టాలి. మధ్యాహ్నం ఫ్రిజ్‌లో చల్లబడ్డ పుచ్చకాయ చెక్క ఒకటి చాలు. అలా నిన్ను పెంచే ఇల్లు చుక్కలుండగానే లేస్తుంది, ఎండవేళ సద్దుమణుగుతుంది, మాపటికి మళ్లీ పెరట్లోకి వస్తుంది. మెస్కీట్ కింద పిట్టలు ఎలా బతుకుతాయో మనిషి కూడా అలా బతకడం నేర్చుకుంటాడు.

నీ జాతిలో ఈ ఎండకు తగినవాళ్లు కొందరున్నారు. పెద్ద తురాయితో, తేలిక ఒళ్లుతో తెల్ల లెగ్‌హార్న్. ఈజిప్టు ఫయ్యూం ప్రాంతం నుంచి వచ్చిన చురుకైన ఫయ్యూమీ. మెడ మీద ఈకలే లేని కోడి, ఆ బోసి మెడే దానికి చలువ. అందరికీ దణ్ణం.

ఇక నీళ్లు పారే రోజు పండగ. ఇప్పుడు ఫీనిక్స్ కాలువలు సాగే దారుల్లో కొన్నిటిని వందల ఏళ్ల కిందట ఈ నేల ఆదివాసులైన హోహోకం జనం తవ్వారు. సాల్ట్ నది నీటిని ఎడారిలోకి నడిపించిన చేతులవి. నేటికీ పాతపేటల్లో, వేసవిలో దాదాపు రెండు వారాలకొకసారి, వంతు వచ్చినప్పుడు కాలువ నీళ్లు పెరళ్లలోకి మళ్లిస్తారు. గట్టు కట్టిన పెరట్లో నీరు పలచగా పరుచుకుంటూ వస్తుంది. ఆ తడి అంచు కంటే ఒక అడుగు ముందు నువ్వు! బొరియల్లోంచి పైకొచ్చిన పురుగు పురుగునూ ఏరుకుంటూ, తల వంచి, తోక ఎత్తి, నీటితో సమానంగా నడుస్తావు. ఎదురొచ్చిన తేలును కూడా వదలవు. పిల్లలు చెప్పులు లేకుండా తిరిగే పెరడు నీ కాపలాలో ఉంది.

జులై నుంచి వానగాలులు మొదలవుతాయి. ముందు దుమ్ము గోడ కట్టుకుని వస్తుంది, ఊరు కనపడదు. తర్వాత ఉక్క. పొడిగాలిలో అంత చల్లగా పనిచేసిన నీటి కూలర్ తేమగాలిలో చేతులెత్తేస్తుంది. కొన్ని రాత్రులు 32 డిగ్రీల కిందికి దిగవు, నీకు తేరుకునే వేళే చిక్కదు. అలాంటి రాత్రి తర్వాత ఏ తెల్లవారుజామునో ఒక పెట్ట గూట్లోంచి దిగదు. ఆ బాధను చిన్నదని ఎవరూ అనకూడదు. గిన్నె నింపిన ప్రతి చేతికీ ఆ లోటు తెలుస్తుంది. మిగిలినవాళ్ల కోసం ఆ చేయే మళ్లీ లేస్తుంది.

ఆ తర్వాత నీ కాలం. ఎండ తగ్గుముఖం పట్టే రోజుల్లో పాత ఈకలు రాల్చుకుని కొత్తవి తొడుక్కుంటావు. చలికాలపు ఎండ మెత్తగా కాస్తుంటే మట్టిలో గుంట తవ్వుకుని, పక్కకి ఒరిగి, రెక్క చాచి, దుమ్మంతా ఈకల్లోకి ఎగజిమ్ముకుంటావు. ఆ పొర్లాటతోనే ఒంటి మీది పేలు వదిలించుకుంటావు. పగలు పెరిగేకొద్దీ గంపలో గుడ్లూ పెరుగుతాయి. ఇప్పుడు పెంకు గట్టిగా మోగుతుంది.

2024లో అరిజోనా చట్టమే నీ పక్షాన నిలిచింది. అరెకరం లోపు స్థలంలో విడిగా ఉన్న ఇంటి పెరట్లో ఆరు కోళ్ల దాకా పెంచుకోవడాన్ని నగరాలు నిషేధించకూడదన్నది. పుంజులను వద్దనే అధికారం మాత్రం నగరాలకు ఉంచింది. ఆరు పెట్టలంటే కొంచెమే. కానీ ఆరు పెట్టలున్న ప్రతి పెరట్లో ఒక నీడ ఉండి తీరాలి, నీళ్లుండి తీరాలి.

నీ గొప్పంతా అక్కడే ఉంది. నీ పెంట, రాలిన మెస్కీట్ ఆకు కలిసి మాగితే, సారం లేని ఈ ఎడారి మట్టికి జీవం వస్తుంది. ఆ మట్టి చెట్టును పెంచుతుంది. చెట్టు నీకు నీడవుతుంది. నువ్వు పుట్టిన అడవిని ఇక్కడికి మోసుకురాలేదు, మాచేత చెట్టు చెట్టుగా మళ్లీ నాటిస్తున్నావు.

కోడిపిల్లలు తెచ్చుకోవాలని ఆశపడే ఎడారి ఇంటివాళ్లారా, ముందు చెట్టు పెట్టండి. అది ఎదిగేదాకా గుడ్డపందిరి వేయండి. నీళ్లకు చోటు చూడండి. పిల్లల్ని ఆ తర్వాత తెచ్చుకోండి. మంటలు కురిసే ఊళ్లో తలుపులు బిగించుకుని ఎవరి చల్లదనంలో వాళ్లం దాక్కుంటున్న కాలమిది. ఇంకో ప్రాణం కోసం బయట నీడ పెంచమని మనల్ని పెరట్లోకి పిలుస్తున్నది ఈ కోడిపెట్ట. దాని మాట వినండి. కోడిపెట్టా, నీకు జయం!