మొదటి మీటరు

నేల మీద నిలబెట్టిన చిన్న రాకెట్‌కు రెక్కలుంటాయి కానీ అవి వెంటనే పనిచేయవు. రెక్కల మీదుగా గాలి జోరుగా పారితేనే అవి రాకెట్ ముక్కును దారిలో ఉంచగలవు. నిప్పంటుకున్న క్షణాన వేగం సున్నా. అక్కడి నుంచి రెక్కలకు పట్టు దొరికే దాకా రాకెట్‌కు దారి చూపేది పక్కన నిలబెట్టిన ఒక సన్నటి కడ్డీ. సరదా కోసం మోడల్ రాకెట్లు ఎగరేసేవాళ్లు దాన్ని లాంచ్ రాడ్ అంటారు. రాకెట్ ఒంటికి అతికించిన చిన్న గొట్టాన్ని, అంటే లాంచ్ లగ్‌ను, ఆ కడ్డీకి తొడుగుతారు. మోటార్ మండగానే రాకెట్ కడ్డీ వెంబడి జారుతూ పైకి లేస్తుంది. సామానంతటిలోకీ ఈ కడ్డీ చవకైనది కావడంతో దాని గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. రాకెట్ ఎటు పోతుందో తేలేది మాత్రం ఆ మొదటి మీటరులోనే.

ఈ చిక్కు మనకు కొత్తది కాదు. దీపావళి తారాజువ్వకు కట్టే పొడవాటి పుల్ల దీనికి పాత జవాబే. పుల్ల జువ్వతోపాటే పైకి పోతూ వెనకనుంచి తోకలా పనిచేసి ముక్కును ముందుకే ఉంచుతుంది. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ సైన్యాల ఇనుప గొట్టాల రాకెట్లకూ వెదురు గడలే కట్టారు. అయితే జువ్వను ఖాళీ సీసాలో నిలబెట్టి వెలిగించినప్పుడు సీసా ఒరిగితే అది ఎదురింటి వరండాలోకి దూసుకెళ్తుంది. పుల్ల గాలిలో దారి చూపగలదు, నేల దగ్గర చూపలేదు. అక్కడ నేలను గట్టిగా పట్టుకున్న ఆధారం కావాలి.

ఈ అభిరుచికి ఇప్పుడున్న రూపం అమెరికాలో 1950లలో వచ్చింది. నెబ్రాస్కాలో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్ కాగితపు గొట్టంతో రాకెట్లు చేసి, మోటార్‌ను మాత్రం విడిగా మార్చుకునేలా అమర్చాడు. వాటిని 1957లో రాకెట్ ఇంజనీర్ జి. హ్యారీ స్టైన్‌కు పంపాడు. పిల్లలు ఇంట్లో మందు కూరుకుని చేతులు పోగొట్టుకుంటున్న రోజులవి. మందు కర్మాగారంలోనే కూరాలి, వెలిగించడం కరెంటుతో దూరం నుంచే జరగాలి, రాకెట్ కడ్డీ మీద నుంచే లేవాలి అన్న నియమాలు అప్పుడే పుట్టాయి. ఈ సంప్రదాయం విలువంతా నాకు ఆ నియమాల్లోనే కనిపిస్తుంది.

పెద్ద రాకెట్లకూ ఇదే సూత్రం. శ్రీహరికోట నుంచి 1971 అక్టోబరు 9న మొట్టమొదట ఎగిరిన ఆర్‌హెచ్-125, తుంబా నుంచి నేటికీ ఎగిరే ఆర్‌హెచ్-200 లాంటి, పై వాతావరణాన్ని పరిశీలించే రోహిణి సౌండింగ్ రాకెట్లకు లోపల దిశను దిద్దే యంత్రాంగం ఉండదు. లాంచర్ రైలును, అంటే రాకెట్ జారే పట్టాను, ఎటు వంచితే అటు పోతాయి, తర్వాతి పని రెక్కలది. 2022 నవంబరు 18న హైదరాబాద్ సంస్థ స్కైరూట్ పంపిన విక్రమ్-ఎస్ కూడా శ్రీహరికోటలోని సౌండింగ్ రాకెట్ల వేదిక నుంచే లేచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది.

కడ్డీ ఎంత పొడవుండాలి? 80 గ్రాముల రాకెట్‌ను మోటార్ 10 న్యూటన్ల బలంతో తోస్తుందనుకుందాం. బరువు పోను మిగిలిన బలంతో దాని త్వరణం సెకనుకు సెకనుకు 115 మీటర్లు. 90 సెంటీమీటర్లు జారేసరికి వేగం సెకనుకు 14 మీటర్లు దాటుతుంది. రెక్కలకు పట్టు దొరకాలంటే కడ్డీ వదిలేసరికి 13 నుంచి 15 మీటర్ల వేగం ఉండాలన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న లెక్క. మూరెడు కడ్డీతో ఆ వేగం రాదు. సెకనుకు 4 మీటర్ల పక్కగాలి ఉందనుకోండి. 14 మీటర్ల వేగంతో వదిలిన రాకెట్‌కు ఆ గాలి 16 డిగ్రీల వాలులో తగులుతుంది, 8 మీటర్ల వేగమే ఉంటే 27 డిగ్రీల వాలులో. అప్పుడది గాలికి ఎదురు తిరిగి చేలమీదుగా పరుగెడుతుంది. అలాగని పొడవు రెట్టింపు చేస్తే వేగం రెట్టింపు కాదు, 1.4 రెట్లే పెరుగుతుంది. పైగా కడ్డీ ఊగడం మొదలవుతుంది.

ఆ ఊగడమే అసలు శత్రువు. ఒక చివర అడ్డంగా బిగించిన 90 సెంటీమీటర్ల ఉక్కు కడ్డీ రెండో చివరన 100 గ్రాముల బరువు వేలాడదీసి చూడండి. కడ్డీ మందం 3.2 మిల్లీమీటర్లయితే ఆ బరువుకే 23 సెంటీమీటర్లు వంగుతుంది. 6 మిల్లీమీటర్లయితే 2 సెంటీమీటర్లు కూడా వంగదు. మందం రెట్టింపైతే బిగువు 16 రెట్లు అవుతుంది. పొడవు 90 నుంచి 120కి పెంచితే వంపు రెండు రెట్లు దాటుతుంది. మెత్తటి ఇనుమైనా స్ప్రింగు ఉక్కైనా మందం ఒకటే అయితే వంగేది దాదాపు ఒకేలా. తేడా ఎక్కడంటే, ఎక్కువగా వంచినప్పుడు స్ప్రింగు ఉక్కు తిరిగి నిలబడుతుంది, మెత్తటిది వంకర తేలి అలాగే ఉండిపోతుంది. అల్యూమినియం మాత్రం ఉక్కుకు మూడు రెట్లు వంగుతుంది, తేలికగా ఉందని దానికి ఆశపడకూడదు.

ఇప్పుడు అలాంటి కడ్డీ కోసం హైదరాబాద్ దగ్గరి చేవెళ్లలో వెతుకుదాం. సిమెంటు దుకాణం ముందు కనబడే 8 మిల్లీమీటర్ల కడ్డీ పనికిరాదు, దాని ఒంటి మీది గాట్లు లగ్‌ను పట్టేస్తాయి. రింగులు వంచే 6 మిల్లీమీటర్ల కడ్డీ చుట్టలుగా వస్తుంది, ఎంత సాగగొట్టినా దాని వంకర పూర్తిగా పోదు. సైకిల్ పుల్లలు పొట్టివి, సన్నవి. అసలైన సరుకు స్టీల్ గేట్లు, మెట్ల రెయిలింగులు చేసే వెల్డింగ్ షాపులో ఉంటుంది. టిగ్ వెల్డింగ్‌కు వాడే స్టెయిన్‌లెస్ స్టీల్ ఫిల్లర్ రాడ్ మీటరు పొడవున, తిన్నగా, నున్నగా, తుప్పు పట్టకుండా వస్తుంది. అందులో 3.2 మిల్లీమీటర్ల సైజు అమెరికా వాళ్ల ఎనిమిదో వంతు అంగుళం కడ్డీకి సరిసమానం. వంద గ్రాముల లోపు రాకెట్లకు అది చాలు. అంతకంటే బరువైతే 5 లేదా 6 మిల్లీమీటర్ల బ్రైట్ బార్, అంటే నునుపు చేసిన ఉక్కు కడ్డీ, కావాలి. చేవెళ్లలో దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడగాలి. త్రీడీ ప్రింటర్లలో వాడే 8 మిల్లీమీటర్ల నున్నటి షాఫ్టు ఇంకా మేలు. కిలో దగ్గరికి వచ్చే రాకెట్లకు సాధారణంగా కడ్డీ చాలదు, గాడి ఉన్న అల్యూమినియం పట్టీని రైలుగా వాడి రాకెట్‌కు గుండీల్లాంటి బటన్లు బిగిస్తారు.

కొనేముందు కడ్డీని గాజు పలక మీదో నాపరాయి బండ మీదో దొర్లించాలి. కింద వెలుతురు సందు కనిపిస్తూ మాయమవుతుంటే అది వంకర, పక్కన పెట్టేయండి. చివరల్లో కోసిన చోట మిగిలే గరుకు మొనలను సన్న గరుకు కాగితంతో రుద్ది తీసేయాలి. లగ్‌గా పెద్ద స్ట్రా సరిపోతుంది. కడ్డీకి ఒక వరస కాగితం చుట్టి, దాని మీద జిగురు కాగితంతో గొట్టం చేసుకుంటే ఇంకా కచ్చితంగా కుదురుతుంది. వదులు ఎక్కువైతే రాకెట్ అడ్డదిడ్డంగా బయల్దేరుతుంది, బిగుతైతే ఇరుక్కుంటుంది. రెండు లగ్‌లు పెడితే అవి ఒకే గీత మీద ఉండాలి. పైది కడ్డీ దాటాక కింది లగ్ ఒక్కటే రాకెట్‌ను నిలబెట్టలేదు కాబట్టి, పొడవు లెక్క పై లగ్ జారే దూరాన్నిబట్టే వేయాలి.

మోటార్ల విషయం నిక్కచ్చిగా చెప్పుకోవాలి. విదేశాల్లో అంగట్లో అమ్మే రాకెట్ మోటార్లు మన ఊళ్లలో దొరకవు. అనుమతి లేకుండా మందు కలపడం 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద నేరం, అంతకు మించి ప్రాణాంతకం. తారాజువ్వను విప్పి అందులోని మందు తీయడమూ అంతే. చేవెళ్ల, మొయినాబాద్ పిల్లలకు నేను మనస్ఫూర్తిగా చెప్పేది నీటి రాకెట్. దాని సామానంతా డ్రిప్పు పైపులు అమ్మే దుకాణంలో ఉంటుంది. పాలీహౌసులు, కూరగాయల తోటలు ఇన్ని ఉన్న ఈ ప్రాంతంలో అలాంటి దుకాణానికి కొదవ లేదు.

ఇక్కడ కడ్డీ స్థానంలో గొట్టం వస్తుంది. కూల్‌డ్రింక్ సీసా మెడ లోపలి కొలత 22 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. ఇళ్లకు వాడే అర అంగుళం యూపీవీసీ పైపు బయటి కొలత 21.3. రెండూ చక్కగా కుదురుతాయి. సీసా లోపలికి పాతిక సెంటీమీటర్ల గొట్టం వెళ్లేలా తలకిందులుగా తొడిగి, అడుగున ఒక రబ్బరు రింగు, సీసా మెడ చుట్టూ కేబుల్ టైలు, వాటిని పట్టి ఉంచేందుకు పైన జారే మరో పైపు ముక్క పెడతారు. సైకిల్ పంపుతో గాలి కొట్టి, తాడుతో ఆ ముక్కను కిందికి లాగితే సీసా విడుదలవుతుంది. రెండు లీటర్ల సీసాలో 600 మిల్లీలీటర్ల నీళ్లు, 60 పీఎస్ఐ గాలి ఉన్నాయనుకుంటే, గాలి ఆ గొట్టాన్నే ఆనుకుని సీసాను దాదాపు 140 న్యూటన్ల బలంతో తోస్తుంది. గొట్టం దాటేసరికే లెక్క ప్రకారం వేగం సెకనుకు 9 మీటర్ల పైచిలుకు. అప్పటిదాకా నీళ్లు దాదాపుగా ఖర్చు కావు. దారి చూపుతూనే ఊతమిచ్చే గొట్టమది. 60 పీఎస్ఐ దాటొద్దు, గీతలు పడ్డ సీసా వాడొద్దు, తాడు కనీసం ఐదు మీటర్లుండాలి.

మళ్లీ మోటార్ రాకెట్ల కడ్డీ విషయానికి వస్తే, అందరూ మరిచిపోయే అపాయం కంటికి. వైర్లు కలపడానికి వంగినప్పుడు నిటారుగా ఉన్న సన్నటి కడ్డీ కొస కనబడదు. కొసను కంటి ఎత్తుకు పైనే ఉంచాలి, లేదా రాకెట్ తొడిగే దాకా దానికి పెద్ద బెండు ముక్క గుచ్చాలి. గాలి ఉంటే గాలికి ఎదురుగా కొద్దిగా వంచొచ్చు, కానీ నిటారు నుంచి 30 డిగ్రీలు ఎన్నడూ దాటకూడదు. మక్క కోసేసిన చేను మంచి చోటు, ఎండు చొప్పను ముందు చుట్టూ తీసేయాలి. పాలీహౌసులకు, కరెంటు తీగలకు, బీజాపూర్ రోడ్డు మర్రిచెట్లకు దూరంగా జరగాలి. శంషాబాద్ విమానాశ్రయం ఇక్కడికి దగ్గరే కనుక, మోటార్ రాకెట్ ఎగరేయాలనుకునే కాలేజీ బృందాలు ముందుగా అధికారుల అనుమతి తీసుకోవాలి.

ఏటా అక్టోబరు 4 నుంచి 10 దాకా ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారానికి ముందే చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లోని ప్రతి ఉన్నత పాఠశాల సైన్సు గదిలో ఒక యూపీవీసీ గొట్టం స్టాండు, దాని పక్కన 3.2, 6 మిల్లీమీటర్ల కడ్డీలు ఒక్కొక్కటి ఉండాలని నా కోరిక. కడ్డీలకు 100 గ్రాముల బరువు కట్టి వంపు కొలవడం తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్క పీరియడ్‌లో చేయగలరు.